పెదనాన్నగారి 31 రీళ్లు: యంత్రం ఎంచుకునే ముందు ఫిల్మును చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైన తీరు ముందుగా చెబుతాను. మీ పెదనాన్నగారు 1969లో డాక్టరుగా డెట్రాయిట్ వెళ్లారు. అక్కడ కొన్న చిన్న సినిమా కెమెరాతో అక్కడి మంచునూ, సెలవులకు వచ్చినప్పుడు కాకినాడ ఇంటినీ, రెండు పెళ్లిళ్లనూ తీశారు. ఆ రీళ్లు ఇప్పుడు ట్రంకు పెట్టెలో దొరికాయి. మొత్తం 31. వాటిలో 26 చిన్నవి, నాలుగు మధ్యరకం, ఒకటి పెద్దది. కొన్ని పుల్లటి వాసన వేస్తున్నాయి, రెండింటి అంచున సన్నని గోధుమరంగు గీత ఉంది. మీ అన్నయ్య అమెరికా నుంచి వస్తూ 400 డాలర్ల చిన్న స్కానర్ తేవాలా, ఇంట్లో ఉన్న పాత ప్రొజెక్టర్‌తో గోడ మీద వేసి ఫోనుతో తీయాలా, లేక ల్యాబుకు పంపాలా అని అడిగారు. చివరన మరో మాట రాశారు: పెద్దమ్మగారికి 84 ఏళ్లు, ఆమె చూడాలని ఉంది. నేను చెప్పబోయేదంతా ఈ చివరి మాటను మనసులో పెట్టుకుని చెబుతున్నదే.

మొదట ఒక విన్నపం. ఆ ప్రొజెక్టర్‌ను అటక మీద నుంచి దించకండి. దించినా ఆ ఫిల్మును అందులో ఎక్కించకండి. పదిహేనేళ్ల కిందట నేను చేసిన పని అదే. మా నాన్నగారి రీలును ఆత్రంగా ఎక్కించి దీపం వేశాను. లోపల ఫిల్మును ఒక్కో ఫ్రేము చొప్పున కిందికి లాగే చిన్న కొక్కెం ఉంటుంది. ఏళ్ల తరబడి కుంచించుకుపోయిన ఫిల్ము రంధ్రాలు దానికి సరిపోలేదు. రంధ్రాల పక్కన దాదాపు నలభై ఫ్రేములు చిరిగిపోయాయి. మా నాయనమ్మ కదులుతూ కనిపించేది ఆ కొన్ని క్షణాలే. ఆ బాధ ఇప్పటికీ తగ్గలేదు. మీకు అది కలగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఫిల్ము చిరగకపోయినా ఆ పద్ధతిలో మంచి ఫలితం రాదు. ప్రొజెక్టర్ సెకనుకు 18 ఫ్రేములు చూపిస్తుంది. మూడు రెక్కల షట్టర్ ఒక్కో ఫ్రేమును మూడుసార్లు వెలిగించి ఆర్పుతుంది, అంటే సెకనుకు 54 మెరుపులు. ఫోను సెకనుకు 30 ఫ్రేములు తీస్తుంది. ఈ రెండు లెక్కలూ కలవవు కనుక వీడియో అంతా వెలుగు కొట్టుకుంటూ ఉంటుంది. పైగా బొమ్మ నడుమ మరీ వెలుతురుగా, మూలలు చీకటిగా వస్తాయి. గోడ గరుకుదనం కూడా ముఖాల మీద కనిపిస్తుంది.

ఇక రీళ్ల దగ్గరకు వెళదాం. యంత్రం ఏదో తేల్చేది మీ పెట్టెలోని ఫిల్మే. శుభ్రమైన నూలు చేతితొడుగులు వేసుకుని, ఒక్కో రీలు మొదటి రెండు మూడు అడుగులు మాత్రం విప్పి చూడండి. ఫోనులో తెల్లని తెర పెట్టి, దాని మీద ఫిల్మును ఆనించకుండా కాస్త ఎత్తులో పట్టుకుని, భూతద్దంతో చూస్తే బొమ్మలు చక్కగా కనిపిస్తాయి. రంధ్రాలు చిన్నవిగా, ఒక్కో ఫ్రేము అంచుకు సరిగ్గా మధ్యలో ఉంటే అది కొడాక్ 1965లో తెచ్చిన, ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పుండే సూపర్ 8 ఫిల్ము. రంధ్రాలు కాస్త పెద్దవిగా, రెండు ఫ్రేముల మధ్య గీత దగ్గర ఉంటే 1932 నుంచి ఉన్న రెగ్యులర్ 8. మీ పెదనాన్నగారు వెళ్లిన ఏడాదిని బట్టి చాలావరకు సూపర్ 8 అయి ఉండాలి. అయినా ఆ కాలంలో రెగ్యులర్ 8 కెమెరా వాడినవారూ ఎక్కువే, కాబట్టి ప్రతి రీలునూ విడిగా చూడండి.

తరువాత వాసన. పుల్లటి వాసన అంటే ఫిల్ముకు ఆధారమైన ఎసిటేట్ పొర విచ్ఛిన్నమై ఎసిటిక్ ఆమ్లం, అంటే వెనిగర్‌లో ఉండే ఆమ్లమే, బయటికి వస్తోందని అర్థం. వేడి, తేమ దీనికి ఊతమిస్తాయి. కాకినాడ గాలిలో ఆ రెండూ ఉన్నాయి. ఒకసారి మొదలైతే వెలువడిన ఆమ్లమే క్షయాన్ని మరింత వేగం చేస్తుంది, పక్కనున్న మంచి రీళ్లకూ సోకుతుంది. కనుక వాసన వేసే వాటిని ఈ రోజే వేరే గదిలో, గాలి ఆడే అట్టపెట్టెలో ఉంచండి. బిగుతైన డబ్బాలోనో పాలిథీన్ సంచిలోనో మూసిపెట్టకండి. జరిగిన నష్టం వెనక్కి రాదు. చల్లగా, పొడిగా ఉంచితే నెమ్మదిస్తుంది, అంతే.

మూడోది కొలత. చాలామంది దీన్ని వదిలేస్తారు, నేను మాత్రం దీన్నే అన్నిటికన్నా ముఖ్యమంటాను. ఎసిటేట్ పొర వయసుతో కుంచించుకుపోతుంది. సూపర్ 8లో ఒక రంధ్రం నుంచి తరువాతి రంధ్రానికి దూరం 4.23 మిల్లీమీటర్లు. వంద రంధ్రాల దూరాన్ని స్టీలు స్కేలు పక్కన పెట్టి కొలిస్తే 42.3 సెంటీమీటర్లు రావాలి. రెగ్యులర్ 8 అయితే 38.1. సూపర్ 8లో 41.9 వచ్చిందంటే ఫిల్ము దాదాపు ఒక శాతం తగ్గినట్టే. అంత తగ్గిన ఫిల్మును కొక్కెంతో లాగే ఏ యంత్రంలోనూ, చిన్నదైనా పెద్దదైనా, పెట్టకూడదు. ఫిల్ము చదునుగా ఉండక దోనెలా వంగుతున్నా అదే మాట.

నాలుగోది గోధుమరంగు గీత. అది మాగ్నెటిక్ పట్టీ. కొడాక్ 1973లో శబ్దం కూడా నమోదయ్యే సూపర్ 8 తెచ్చింది, టేపురికార్డరు టేపులోని పూత లాంటిదే ఆ గీత. మీ రెండు రీళ్లలో మాటలు ఉండే అవకాశం ఉంది. పెదనాన్నగారి గొంతు కూడా ఉండవచ్చు. కొన్నిసార్లు తరువాత పట్టీ అతికించి దాని మీద ఏమీ రికార్డు చేయకుండా వదిలేసినవీ దొరుకుతాయి. వినేదాకా తెలియదు కాబట్టి ఆ రెండింటినీ బంగారంలా చూడండి. పట్టీ మీద ఏ ద్రవంతోనూ రుద్దకండి.

ఇప్పుడు మీ అన్నయ్య తెస్తానన్న చిన్న స్కానర్ సంగతి. వుల్వరీన్, కొడాక్ వంటి వేర్వేరు పేర్లతో అమ్ముతున్నా వీటి పని తీరు ఒకటే. ఫిల్మును ఒక కొక్కెం ఒక్కో ఫ్రేము జరుపుతుంది, చిన్న ఎల్ఈడీ వెలుగులో లోపలి కెమెరా ఫోటో తీస్తుంది, అన్నిటినీ కలిపి ఎంపీ4 వీడియోగా మెమరీ కార్డులో రాస్తుంది. ప్రొజెక్టర్ దీపంలోని వేడి ఉండదు, లాగుడు మెల్లగా ఉంటుంది. అందువల్ల ఆరోగ్యంగా ఉన్న ఫిల్ముకు ప్రొజెక్టర్ కన్నా ఇది ఎంతో నయం. ఇక దీని లోపాలు కూడా చెప్పాలి.

సమయం. ఇవి సెకనుకు సుమారు రెండు ఫ్రేములు తీస్తాయి. మీ చిన్న రీళ్లు ఒక్కోటి 50 అడుగులు, మధ్యరకం 200, పెద్దది 400 అనుకుంటే మొత్తం 2,500 అడుగులు. సూపర్ 8లో అడుగుకు 72 ఫ్రేముల చొప్పున 1,80,000 ఫ్రేములు. చూడటానికి రెండు గంటల 47 నిమిషాల సినిమా, స్కాన్ చేయడానికి 25 గంటలు. ఆ 25 గంటలూ ఎవరో ఒకరు పక్కన కూర్చోవాలి. పాత అతుకు దగ్గర ఫిల్ము ఆగిపోవడం, చుట్టుకునే రీలు బిగుసుకుని బొమ్మ ఎగరడం ఈ యంత్రాల్లో తరచుగా జరుగుతాయి. వదిలేసి వంటింట్లోకి వెళ్లే పని కాదు.

వేగం. అవి రాసే వీడియో సెకనుకు 20 ఫ్రేముల లెక్కన ఉంటుంది. 18 ఫ్రేముల లెక్కన తీసిన 3 నిమిషాల 20 సెకన్ల రీలు సరిగ్గా మూడు నిమిషాల్లో అయిపోతుంది. మనుషులు కొంచెం తొందరపడుతున్నట్టు నడుస్తారు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో వేగాన్ని 90 శాతానికి తగ్గిస్తే సరిపోతుంది, 16 ఫ్రేములతో తీసిన రెగ్యులర్ 8 అయితే 80 శాతానికి. చాలా ఇళ్లలో ఈ చిన్న సవరణ చేయరు. తాతగారు ఎప్పుడూ అంత హడావిడిగా నడిచేవారేమో అనుకుంటూ మనవలు చూస్తారు. ఆ నడక ఆయనది కాదు.

వెలుగు. నన్ను ఎక్కువగా బాధపెట్టే లోపం ఇదే. అప్పటి కోడాక్రోమ్ వంటి ఫిల్ముల్లో వెలుగునీడల తేడా చాలా ఎక్కువ. ఎండలో తెల్లటి పంచె, పందిరి కింద నీడలో ముఖం, రెండూ ఫిల్ములో ఉంటాయి. చిన్న యంత్రం రెండింటినీ పట్టలేదు. తనంతట తాను వెలుగు సర్దుకుంటూ ఉంటుంది కనుక తెల్లచీర కట్టుకున్న మనిషి అడ్డం రాగానే బొమ్మంతా చీకటవుతుంది, ఆవిడ వెళ్లగానే మళ్లీ తెల్లబడుతుంది. తెలుపు కాలిపోయిన చోట తరువాత ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ తేలేదు. దానికి తోడు ఫైలును బాగా కుదిస్తుంది, గడ్డి, నీళ్లు, జనసమూహం అన్నీ ముద్దలా అవుతాయి. కొంటే ఎక్స్‌పోజర్‌ను కాస్త తక్కువలో పెట్టండి, షార్ప్‌నెస్‌ను అట్టడుగుకు తగ్గించండి. డబ్బా మీద రాసిన మెగాపిక్సెళ్ల సంఖ్యకు విలువ ఇవ్వకండి. సూపర్ 8 ఫ్రేము వెడల్పు ఆరు మిల్లీమీటర్లు కూడా ఉండదు, అందులో ఉన్న వివరానికి 2కే, అంటే అడ్డంగా సుమారు రెండు వేల పిక్సెళ్ల, స్కాన్ బాగా సరిపోతుంది. తేడా తెచ్చేవి పిక్సెళ్లు కావు. ఫిల్మును ఎలా జరుపుతుంది, వెలుగును ఎంత లోతుగా పడుతుంది, ఫైలును ఎంత కుదిస్తుంది, ఈ మూడూ చూడండి.

శబ్దం. ఈ యంత్రాలు శబ్దాన్ని అసలు చదవవు. కాబట్టి గోధుమరంగు గీత ఉన్న ఆ రెండు రీళ్లను ఇందులో పెట్టే ఆలోచనే వద్దు.

ఇక ల్యాబులు. అన్ని ల్యాబులూ ఒకటి కావు. కొన్ని దుకాణాలు ఇప్పటికీ ప్రొజెక్టర్ ముందు వీడియో కెమెరా పెట్టి తీసి, దాన్నే డిజిటల్ మార్పిడి అని చెబుతాయి. మంచి ల్యాబులో లేజర్‌గ్రాఫిక్స్ స్కాన్‌స్టేషన్, నెదర్లాండ్స్‌లో తయారయ్యే ఫిల్మ్‌ఫాబ్రీక్ వంటి యంత్రాలు ఉంటాయి. స్కాన్‌స్టేషన్ వంటి వాటిలో పళ్ల చక్రాలు, కొక్కేలు ఉండవు. మెత్తటి రోలర్ల మీద ఫిల్ము ఆగకుండా పారుతుంది, ఎల్ఈడీ ఒక్క క్షణం మెరుస్తుంది, కెమెరా ఆ క్షణంలో ఫ్రేమును పడుతుంది. రంధ్రాన్ని కంటితో చూసినట్టు కెమెరాయే గుర్తించి బొమ్మను నిలకడగా పేరుస్తుంది. కుంచించుకుపోయిన ఫిల్ముకూ చిరిగిన రంధ్రాలకూ ప్రాణం పోసేది ఈ ఏర్పాటే. శబ్దం కూడా అదే పరుగులో తీయగలవు. సూపర్ 8లో బొమ్మకూ దాని శబ్దానికీ ఫిల్ము మీద 18 ఫ్రేముల దూరం ఉంటుంది, ఆ సర్దుబాటు కూడా యంత్రమే చేస్తుంది. కొన్నిటిలో తడి గేటు, అంటే ఫిల్ము ద్రవంలో తడుస్తూ కెమెరా ముందు సాగే ఏర్పాటు, ఉంటుంది. కాంతిని దాదాపు ఫిల్ము వంచినంతే వంచే ద్రవం గీతల్లో నిండి, స్కాన్ అయ్యే క్షణంలో ఆ గీతలు మాయమవుతాయి. బొమ్మ లేని వైపు గీతలకు ఇది అద్భుతంగా పనిచేస్తుంది. ఇమేజి పొరే గీసుకుపోతే చేయగలిగింది తక్కువ.

ల్యాబుకు ఫోను చేసినప్పుడు ఈ మాటలు అడగండి. ఏ స్కానర్ వాడతారు, అందులో కొక్కెం ఉందా? ఫిల్ము సొంత వేగానికే ఫైలు ఇస్తారా, మధ్యలో నకలు ఫ్రేములు చొప్పిస్తారా? ఫ్రేము అంచులు కూడా కనిపించేలా కాస్త వెడల్పుగా స్కాన్ చేస్తారా? చూడటానికి ఎంపీ4తో పాటు దాచుకోవడానికి, తక్కువగా కుదించే ప్రోరెస్ రకం వీడియో ఫైలు ఇస్తారా? మీ మొత్తం ఫిల్ముకు 2కేలో మంచి ప్రోరెస్ ఫైళ్లు సుమారు 160 జీబీ అవుతాయి. ఇప్పుడది చిన్న హార్డ్‌డిస్కులో పట్టే పరిమాణం, రెండు డిస్కుల్లో పెట్టి రెండు ఊళ్లలో ఉంచండి. ఫ్రేముకో ఫైలుగా పూర్తి నాణ్యత అడిగితే రెండు టీబీ దాటుతుంది. ఇంటి సినిమాకు అది అక్కర్లేదని నా అభిప్రాయం. ఏ ల్యాబుకైనా మొదట ఒక్క చిన్న రీలు, అందులోనూ పెళ్లిది కాకుండా మంచుదో రోడ్డుదో, పంపి ఫైలు చూసి, ఆ తరువాతే మిగతావి ఇవ్వండి. ఓ ల్యాబు నాకు ముఖాలను కృత్రిమ మేధతో పదును పెట్టి ఇచ్చింది. బొమ్మ మెరిసిపోతోంది గానీ అందులో ఉన్నది మా అమ్మమ్మ ముఖం కాదు, ఆమెను పోలిన ఎవరిదో. శుభ్రం చేయని, సవరించని మూల స్కాన్ తప్పనిసరిగా మీ చేతికి రావాలి. మెరుగులు తరువాత ఎప్పుడైనా దిద్దుకోవచ్చు.

సొంతంగా యంత్రం కట్టుకునే దారి కూడా ఉంది. కినోగ్రాఫ్ వంటి నమూనాలను అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టారు. 2020లో వచ్చిన రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరుకు తగిలించే 12.3 మెగాపిక్సెళ్ల కెమెరా, పాత ఫోటో ఎన్‌లార్జర్ లెన్సు, మంచి తెల్లని ఎల్ఈడీ, ఒక స్టెప్పర్ మోటారు కలిపి చిన్న యంత్రాలకన్నా చాలా మెరుగైన ఫలితం సాధించినవారు ఉన్నారు. నేనూ కట్టాను, ఇష్టంగా వాడుతున్నాను. అయితే అది నిలదొక్కుకోవడానికి ఏడాదికి పైగా పట్టింది. పెద్దమ్మగారు ఎదురుచూస్తున్న ఇంట్లో దాన్ని సిఫారసు చేయలేను.

ఇక నా సలహా. మామూలుగా 2,500 అడుగులున్న ఇంటికి నేను యంత్రం కొనవద్దనే చెబుతాను. ల్యాబు అడుగుకు ఎంత అడుగుతుందో దాన్ని 2,500తో గుణించి, యంత్రం ధరకు మీ 25 గంటలు కలిపి పోల్చితే చాలాసార్లు ల్యాబుదే మేలవుతుంది. రెండు వందల రీళ్లున్నవారికి లెక్క మారుతుంది. అయితే మీ ఇంట్లో మరో లెక్క ఉంది. ల్యాబుకు పంపి, వరుసలో నిలబడి, పరీక్ష రీలు చూసి, మిగతావి పంపి తెప్పించుకునే సరికి నెలలు పడతాయి. పెద్దమ్మగారిని అన్ని నెలలు ఆగమనడం సరికాదు.

కాబట్టి రీళ్లను రెండు కుప్పలు చేయండి. వాసన వేసేవి, కొలతలో ఒక శాతం దగ్గరకు తగ్గినవి, గోధుమరంగు గీత ఉన్న ఆ రెండు, ఇవన్నీ ఏ ఇంటి యంత్రం దగ్గరకూ పోకుండా నేరుగా మంచి ల్యాబుకు. మిగిలిన ఆరోగ్యమైన చిన్న రీళ్ల కోసం అన్నయ్యను ఆ స్కానర్ తెమ్మనండి. కొత్తదే కానక్కర్లేదు, పని ముగించుకుని అమ్మేసేవారి దగ్గర పాతది దొరుకుతుంది, మీరూ పని అయ్యాక మరో ఇంటికి ఇవ్వవచ్చు. స్కాన్ చేసే ముందు ఒక్కో రీలునూ చేత్తో మెల్లగా తిప్పి వెనక్కి చుట్టండి. ఊడిపోయిన అతుకులు అప్పుడే కనిపిస్తాయి, వాటిని ఫిల్ము అతికే టేపుతో సరిచేయండి. మామూలు సెల్లో టేపు వద్దు, దాని జిగురు కారుతుంది. దుమ్మును పీచు రాలని మెత్తని గుడ్డతో తుడవండి. నీళ్లు తగలనివ్వకండి, ఇమేజి పొర జెలటిన్‌తో చేసింది, నానుతుంది. బూజు పట్టిన రీలుంటే తుడవకుండా ల్యాబు కుప్పలోకి మార్చండి. ఇలా వచ్చేది మొదటి ప్రతి మాత్రమే. పెళ్లి రీళ్లు మంచివే అయినా తరువాత వాటినీ ల్యాబులో ఒకసారి సరిగ్గా స్కాన్ చేయించండి. ఆ తెల్లటి పంచెలూ పందిరి నీడలోని ముఖాలూ రెండూ కనిపించేది అక్కడే.

ల్యాబు అమెరికాలో ఎంచుకుంటే డెవలప్ అయిన ఫిల్ముకు విమానాశ్రయంలోని ఎక్స్‌రే వల్ల హాని లేదు. అయినా చేతి సంచిలోనే పెట్టుకోమనండి, సామాను తప్పిపోతే ఈ వస్తువుకు నకలు లేదు. పెట్టెలో ప్లాస్టిక్ కార్ట్రిడ్జిలోనే ఉండిపోయిన, డెవలప్ చేయని ఫిల్ము కనిపిస్తే మాత్రం దాన్ని ఎక్స్‌రేకు చూపకూడదు. అది కోడాక్రోమ్ అయితే రంగుల్లో డెవలప్ చేసే చోటు 2010 తరువాత ప్రపంచంలో లేదు, నలుపు తెలుపుల్లో ప్రయత్నించేవారు కొందరు ఉన్నారు. ఇక డెవలప్ అయిన రీళ్లు తపాలాలో తిరిగి వచ్చిన పసుపుపచ్చ అట్టపెట్టెలుంటే వాటిని పారేయకండి. తపాలా ముద్రలోని తేదీ, పెదనాన్నగారి చేతిరాతలోని ఒక్క మాట రీలు ఏ ఏడాదిదో చెబుతాయి. స్కాన్ ముగిశాక ఫిల్మును కూడా పారేయకండి. మంచి రీళ్లు ఇంకా చాలా ఏళ్లు ఉంటాయి, రేపు ఇంతకన్నా మంచి స్కానర్ వస్తుంది.

పెద్దమ్మగారికి చూపించే రోజుకు ముందే వేగం 90 శాతానికి సరిచేయండి. పెద్ద తెర మీద వేయండి. పక్కన మరో ఫోను రికార్డింగులో పెట్టి ఆమెకు దగ్గరగా ఉంచండి. ఒక్కో రీలు రెండుసార్లు వేయండి. మొదటిసారి ఆమెను ఏమీ అడగకండి, చూసుకోనివ్వండి. రెండోసారి ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపి, ఈయన ఎవరు, ఈ అరుగు ఎవరింటిది అని అడగండి. మీ రీళ్లలో 29 మూగవి. వాటిలోని మనుషుల పేర్లు ప్రస్తుతం ఉన్నది ఆమె జ్ఞాపకంలోనే, ఏ ల్యాబూ వాటిని స్కాన్ చేయలేదు. ఆ మాటల రికార్డింగును అదే రీలు సంఖ్యతో, అదే హార్డ్‌డిస్కులో దాచండి.

వంద రంధ్రాల కొలతలు తీశాక రీలు వారీగా నాకు రాయండి. వాసన వేసేవాటి సంఖ్యలు విడిగా రాయండి, వాటిలో ఏది ముందు ల్యాబుకు వెళ్లాలో కలిసి చూద్దాం.